మోటార్‌సైకిల్‌కు పికప్ పెంచే క్యామ్‌షాఫ్ట్ ఎంపిక

నాలుగు స్ట్రోకుల ఇంజనులో వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంత ఎత్తు లేవాలో, ఎప్పుడు మూసుకోవాలో నిర్ణయించే ఇరుసు క్యామ్‌షాఫ్ట్. ఆ ఇరుసు మీద కోడిగుడ్డు ఆకారంలో పొడుచుకొచ్చిన భాగం లోబు. మెకానిక్కులు రెండింటినీ కలిపి క్యామ్ అనేస్తారు. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. లోబు ఆకారంలో పది ఇరవై డిగ్రీల తేడా వస్తే చాలు, అదే సిలిండరు, అదే పిస్టను ఉన్న బండి ఘాట్ రోడ్డు ఎక్కే తీరే మారిపోతుంది.

తక్కువ ఆర్‌పీఎంలో బండి చూపే బలాన్ని తెలుగు షెడ్లలో పికప్ అంటారు. పెద్ద క్యామ్ వేస్తే పవరు పెరుగుతుందన్న మాట ఆ షెడ్లలోనే ఎక్కువగా వినిపిస్తుంది. రేసు ట్రాకు మీద ఆ మాట నిజం. ఇద్దరు మనుషులు, ఒక బియ్యం బస్తాతో సెకండ్ గేరులో ఎత్తు ఎక్కే బండికి మాత్రం కావలసింది చిన్న క్యామ్.

రైల్వే ఊరు, ఆవిరి ఇంజను మీట

వాల్వు సమయం బలాన్ని ఎలా మారుస్తుందో ఆవిరి ఇంజన్ల కాలం నుంచే తెలిసిన ఊళ్ళలో ఒకటి లాల్‌ఖదాన్, అంటే ఎర్ర గని. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ అంచున, హౌరా–ముంబై రైలు మార్గం పక్కన ఉంటుంది. బిలాస్‌పూర్ 2003 ఏప్రిల్ 1 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్ర స్థానం. అంతకు చాలా ముందే, 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే దీన్ని పెద్ద జంక్షనుగా మార్చింది. 1931లో పార్వతీపురం మీదుగా విజయనగరం–రాయపూర్ లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్రకూ ఈ ప్రాంతానికీ రాకపోకలు సులువయ్యాయి. షెడ్లలోనూ యార్డుల్లోనూ పనికి వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడి రైల్వే కాలనీల్లో తరాలుగా స్థిరపడ్డాయి.

ఇలాంటి రైల్వే ఊళ్ళ పెద్దలకు వాల్వు సమయం కొత్త సంగతి కాదు. ఆవిరి ఇంజను డ్రైవరు చేతికింద రివర్సర్ అనే మీట ఉండేది. బరువు గూడ్సును కదిలించేటప్పుడు దాన్ని చివరిదాకా తిప్పితే, పిస్టను నడకలో దాదాపు ముప్పాతిక దూరం వరకు సిలిండరులోకి ఆవిరి వస్తూనే ఉండేది. చక్రానికి గట్టి తోపు అందేది. బండి వేగం పుంజుకున్నాక డ్రైవరు రివర్సర్‌ను వెనక్కి తెచ్చి, ఆవిరిని పావు దూరంలోనే ఆపేసేవాడు. ఆవిరి ఆగే ఆ చోటును కటాఫ్ అంటారు. బరువును కదిలించడానికి ఒక సమయం, పరుగెత్తించడానికి మరో సమయం కావాలి. రెండూ డ్రైవరు చేతిలోనే ఉండేవి.

మామూలు మోటార్‌సైకిల్‌కు అలాంటి మీట లేదు. లోబును సాన పట్టిన రోజే వాల్వు సమయం ఖరారైపోతుంది. ఆ సమయం ఏ వేగానికి కుదిరితే ఆ వేగం దగ్గరే ఇంజను నిండుగా ఊపిరి పీలుస్తుంది. తక్కిన వేగాల్లో కొంత వదులుకోవాలి. క్యామ్ ఎంపిక అంటే ఏ వేగంలో లాభం కావాలో, ఏ వేగంలో నష్టం భరించగలమో ముందే తేల్చుకోవడం.

యమహా ఆర్‌ఎక్స్ 100, యెజ్డీ వంటి పాత రెండు స్ట్రోకుల బండ్లకు ఈ చర్చ వర్తించదు. వాటిలో క్యామే లేదు. సిలిండరు గోడలోని రంధ్రాలను పిస్టనే తెరుస్తూ మూస్తూ పోతుంది.

టార్క్ ఎక్కడ, పవర్ ఎక్కడ

టార్క్ అంటే క్రాంక్‌ను తిప్పే బలం. పవర్ అంటే ఆ బలం ఎంత వేగంగా పని చేస్తున్నదన్న లెక్క. న్యూటన్ మీటర్లలో ఉన్న టార్క్‌ను ఆర్‌పీఎంతో హెచ్చవేసి 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ 346 సీసీ యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్) ఇంజనుకు కంపెనీ చెప్పిన గరిష్ఠ టార్క్ 4,000 ఆర్‌పీఎం దగ్గర 28 న్యూటన్ మీటర్లు. లెక్క కడితే అక్కడ సుమారు 15.7 హార్స్‌పవర్. గరిష్ఠ పవర్ 19.8 హార్స్‌పవర్ 5,250 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. అక్కడ టార్క్ దాదాపు 26.9కి దిగిపోయి ఉంటుంది. అంటే 4,000 దాటాక ఒక్కో స్ట్రోకు బలం తగ్గుతోంది, స్ట్రోకుల సంఖ్య పెరగడం వల్ల పవర్ మాత్రం ఇంకా ఎక్కుతోంది.

2023 జులైలో రెండు రోజుల తేడాతో భారత మార్కెట్లోకి వచ్చిన రెండు బండ్లు ఈ సంగతిని కళ్ళకు కడతాయి. హార్లే డేవిడ్‌సన్ ఎక్స్440 ఇంజను 440 సీసీ. బోరు 79.6 మి.మీ., స్ట్రోకు 88.4 మి.మీ., రెండు వాల్వులు. గరిష్ఠ టార్క్ 38 న్యూటన్ మీటర్లు 4,000 ఆర్‌పీఎం దగ్గర, గరిష్ఠ పవర్ 27 హార్స్‌పవర్ 6,000 దగ్గర. ట్రయంఫ్ స్పీడ్ 400 ఇంజను 398 సీసీ. బోరు 89, స్ట్రోకు 64 మి.మీ., నాలుగు వాల్వులు, రెండు క్యామ్‌షాఫ్ట్‌లు. టార్క్ 37.5 న్యూటన్ మీటర్లు, కానీ 6,500 దగ్గర. పవర్ 40 హార్స్‌పవర్ 8,000 దగ్గర. టార్క్ ఇంచుమించు ఒకటే. అది దొరికే చోటు మాత్రం 2,500 ఆర్‌పీఎం దూరంలో ఉంది. ఈ తేడా ఒక్క క్యామ్‌దే కాదు. బోరు, స్ట్రోకు, పోర్టు, వాల్వుల సంఖ్య అన్నీ కలిసి పనిచేస్తాయి. వాటన్నిటికీ తాళం వేసేది క్యామ్.

కేటలాగులోని కొలతలు

క్యామ్ కేటలాగులో ముఖ్యంగా నాలుగు అంకెలు చూడాలి. వాల్వు గరిష్ఠంగా ఎంత లేస్తుందో చెప్పేది లిఫ్ట్. ఎన్ని క్రాంక్ డిగ్రీలపాటు తెరిచి ఉంటుందో చెప్పేది డ్యురేషన్. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే డిగ్రీలు ఓవర్‌లాప్. రెండు లోబుల శిఖరాల మధ్య కోణం లోబ్ సెపరేషన్.

ఇక్కడ కొనేవారు తరచూ మోసపోయే చోటు ఒకటుంది. వాల్వు సీటు నుంచి కదిలిన క్షణం నుంచే కొలిస్తే డ్యురేషన్ పెద్ద అంకెగా కనిపిస్తుంది. అమెరికా కేటలాగుల్లో 0.050 అంగుళాలు, అంటే 1.27 మి.మీ. లేచాక కొలవడం వాడుక. జపాను బండ్లకు 1 మి.మీ. దగ్గర కొలుస్తారు. ఒకే క్యామ్ ఒక పద్ధతిలో 280 డిగ్రీలు, మరో పద్ధతిలో 240 డిగ్రీలు అనిపించవచ్చు. ఒకే లిఫ్ట్ దగ్గర కొలిచిన అంకెలను మాత్రమే పోల్చాలి.

ఇన్‌లెట్ వాల్వు మూసుకునే క్షణం

పికప్‌ను అన్నిటికన్నా ఎక్కువగా శాసించే అంకె ఇన్‌లెట్ వాల్వు ఎప్పుడు మూసుకుంటుందన్నదే.

పిస్టను అడుగుకు చేరి మళ్ళీ పైకి బయలుదేరాక కూడా ఇన్‌లెట్ వాల్వు కాసేపు తెరిచే ఉంటుంది. ఎక్కువ వేగంలో ఇది లాభం. పోర్టులో దూసుకొస్తున్న పెట్రోలు–గాలి మిశ్రమానికి ఊపు ఉంటుంది కాబట్టి, పిస్టను పైకి వస్తున్నా అది సిలిండరులోకి చొరబడుతూనే ఉంటుంది. తక్కువ వేగంలో ఆ ఊపు ఉండదు. పైకి వచ్చే పిస్టను అప్పటికే లోపల చేరిన మిశ్రమంలో కొంత భాగాన్ని వెనక్కి, కార్బురేటరు వైపు నెట్టేస్తుంది. పీల్చిన గాలి చేజారుతుంది. టార్క్ పడిపోతుంది.

ఒక లెక్క చూస్తే విషయం తేలుతుంది. స్ట్రోకు 90 మి.మీ., కనెక్టింగ్ రాడ్ దానికి రెట్టింపు, కంప్రెషన్ నిష్పత్తి 8.5 ఉన్న సింగిల్ సిలిండరు ఇంజను అనుకుందాం. పిస్టను అడుగు దాటిన 40 డిగ్రీలకు వాల్వు మూసుకుంటే, నిజంగా నొక్కుడు జరిగే దూరం 81.8 మి.మీ., అసలు కంప్రెషన్ 7.8. అదే 60 డిగ్రీలకు మూసుకుంటే దూరం 71.8 మి.మీ.కు తగ్గి, అసలు కంప్రెషన్ 7.0కి జారుతుంది. ఇరవై డిగ్రీల ఆలస్యానికి పది మి.మీ. స్ట్రోకు చేజారింది. ఈ అసలు కంప్రెషన్‌నే డైనమిక్ కంప్రెషన్ అంటారు. హెడ్డు మార్చకుండా, పిస్టను మార్చకుండా కింది వేగంలో టార్క్ తెచ్చే దారి దాన్ని పెంచడమే.

దీనికీ ఒక హద్దు ఉంది. వాల్వు మరీ త్వరగా మూసుకుంటే సిలిండరులో ఒత్తిడి పెరిగి, టాపు గేరులో థ్రాటిల్ తిప్పగానే ఇంజను నాకింగ్ చేస్తుంది. మే నెలలో 45 డిగ్రీల దాకా ఎక్కే బిలాస్‌పూర్ ఎండలో, గాలితో చల్లబడే ఇంజనుకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. కంప్రెషన్ నిష్పత్తి ఇప్పటికే ఎక్కువగా ఉన్న ఇంజనుకు పొట్టి క్యామ్, అంటే తక్కువ డ్యురేషన్ ఉన్న క్యామ్ వేసే ముందు డైనమిక్ కంప్రెషన్ లెక్క వేసుకోవాల్సిందే.

ఓవర్‌లాప్, ఎగ్జాస్ట్, లిఫ్ట్

ఓవర్‌లాప్ ఎక్కువైతే ఐడ్లింగ్ ముందు చెడుతుంది. తక్కువ వేగంలో కాలిన పొగ ఇన్‌లెట్ పోర్టులోకి ఎగదన్ని తాజా మిశ్రమాన్ని పాడుచేస్తుంది. సిగ్నలు దగ్గర బండి ఎగిరెగిరి పడుతూ ఆగిపోవడానికి కారణం ఇదే. పికప్ కోరేవారికి తక్కువ ఓవర్‌లాప్ మేలు.

ఎగ్జాస్ట్ వాల్వు త్వరగా తెరుచుకుంటే మండే వాయువు ఇంకా పిస్టనును నెడుతుండగానే బయటికి పోతుంది. వేగంగా తిరిగే ఇంజనుకు పొగ ఖాళీ చేసే సమయం చాలదు కాబట్టి త్వరగా తెరవక తప్పదు. నెమ్మదిగా తిరిగే ఇంజనుకు ఆ తొందర అక్కర్లేదు. కాస్త ఆలస్యంగా తెరిస్తే ప్రతి స్ట్రోకు చివరి తోపు కూడా చక్రానికి దక్కుతుంది.

లిఫ్ట్ సంగతి వేరు. డ్యురేషన్ పెంచకుండా లిఫ్ట్ కొంచెం పెంచితే కింది వేగానికి నష్టం లేకుండా పైన కొంత లాభం రావచ్చు. కానీ లోబు నిటారుగా మారి వాల్వు స్ప్రింగు మీద, రాకర్ మీద, వాల్వు గైడు మీద భారం పెరుగుతుంది. లక్ష కిలోమీటర్లు నడవాల్సిన బండికి లిఫ్ట్ మితంగా ఉండాలి.

లోబ్ సెపరేషన్ దగ్గర మాత్రం జాగ్రత్తగా ఆలోచించాలి. డ్యురేషన్ మార్చకుండా ఈ కోణం తగ్గిస్తే ఇన్‌లెట్ త్వరగా మూసుకుని మధ్య వేగంలో టార్క్ గట్టిపడుతుంది. అదే సమయంలో ఓవర్‌లాప్ పెరిగి ఐడ్లింగ్ కొంత చెడుతుంది. అందుకే ఒక్క కోణం చూసి క్యామ్ కొనకూడదు. నాలుగు వాల్వు సమయాలూ రాసి ఉన్న క్యామ్ కార్డు అడగాలి.

రోడ్డు మీది ఉదాహరణలు

మోటార్‌సైకిల్ చరిత్ర మొదట్లో ఇన్‌లెట్ వాల్వుకు క్యామే లేదు. డి డియోన్ బూటోన్ ఇంజన్లలో పిస్టను పీల్చే గాలికే అది తెరుచుకునేది. వేగం పెరిగే కొద్దీ అది సరిగ్గా తెరుచుకోలేక, క్యామ్ రాక తప్పలేదు. తర్వాతి కాలంలో బ్రిటన్‌లోని బీఎస్ఏ కంపెనీ ఒకే గోల్డ్ స్టార్ ఇంజనును టూరింగుకు, ట్రయల్స్‌కు, రేసుకు వేర్వేరు క్యామ్‌లతో అమ్మింది. బండరాళ్ళ మీద నడక వేగంతో ఎక్కాల్సిన ట్రయల్స్ బండికి ఒక క్యామ్, ట్రాకు మీది బండికి మరొకటి.

1955లో మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా పికప్‌కు మన దేశంలో మారుపేరైంది. పాత బుల్లెట్ 350 ఇంజను బోరు 70, స్ట్రోకు 90 మి.మీ. క్యామ్‌లు కింద, టైమింగ్ కేసులో గేర్లతో తిరుగుతాయి. అక్కడి నుంచి పుష్‌రాడ్లు పైనున్న రాకర్లను కదుపుతాయి. 2020లో మీటియర్ 350తో వచ్చిన జె సిరీస్ ఇంజనులో క్యామ్ హెడ్డులోకి ఎక్కింది. స్ట్రోకు 85.8 మి.మీ.కు తగ్గింది. పవర్ శిఖరం 6,100 ఆర్‌పీఎంకు జరిగింది. టార్క్ శిఖరం మాత్రం 27 న్యూటన్ మీటర్లతో, యూసీఈలో లాగే 4,000 దగ్గరే ఉంది. ఇంజను మొత్తం మారినా ఆ 4,000ను మాత్రం కంపెనీ వదులుకోలేదు.

మరో కొసన హీరో హోండా. 1985లో సీడీ 100తో వచ్చిన 97.2 సీసీ ఇంజను బోరు 50, స్ట్రోకు 49.5 మి.మీ. అదే కొలతలు స్ప్లెండర్‌లో నేటికీ కొనసాగుతున్నాయి. ఇలాంటి బండికి కంపెనీ క్యామే పొదుపుకూ పికప్‌కూ గీసినది. దానికన్నా పొట్టి క్యామ్ వెతకడం వృథా.

ఏది ముందు, ఏది తర్వాత

క్యామ్ మార్చే ముందు ఉన్న క్యామ్ సరిగా పనిచేస్తోందో లేదో చూడాలి. ట్యాపెట్ సందు మరీ ఎక్కువైతే వాల్వు తక్కువసేపు తెరుచుకుని చప్పుడు చేస్తుంది. సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ కారిపోతుంది. సాగిన టైమింగ్ చైను క్యామ్‌ను వెనకబెడుతుంది. అప్పుడు ఇన్‌లెట్ ఆలస్యంగా మూసుకుని పికప్ చచ్చిపోతుంది. కొత్త క్యామ్ కొందామనుకున్న బండ్లలో కొన్నిటికి కొత్త చైనూ ట్యాపెట్ సెట్టింగూ సరిపోతాయి.

రెండో మెట్టు స్ప్రాకెట్. ముందు స్ప్రాకెట్ 15 పళ్ళ నుంచి 14కు మారిస్తే వెనక చక్రం దగ్గర బలం ఏడు శాతం పెరుగుతుంది. ఖర్చు తక్కువ, హెడ్డు విప్పే పని లేదు. ప్రతి గేరులోనూ వేగం మాత్రం అంతే తగ్గుతుంది. హైవే మీద ఇంజను ఎక్కువ తిరుగుతుంది.

మూడో మెట్టు ఉన్న క్యామ్‌నే కాస్త ముందుకు జరపడం. రెండు క్యామ్‌షాఫ్ట్‌లున్న ఇంజనులో, బోల్టు రంధ్రాలు పొడవుగా ఉన్న స్ప్రాకెట్ వేసి ఇన్‌లెట్ క్యామ్‌ను రెండు నుంచి నాలుగు డిగ్రీలు ముందుకు తెస్తే వాల్వు అంత త్వరగా మూసుకుంటుంది. చైనును ఒక పన్ను జరపడం దీనికి ప్రత్యామ్నాయం కాదు. 30 పళ్ళ క్యామ్ స్ప్రాకెట్ అయితే ఒక పన్ను 12 డిగ్రీలు, క్రాంక్ లెక్కలో 24. అంత తేడాకు పిస్టను వాల్వును కొట్టవచ్చు.

వీటి తర్వాతే కొత్త క్యామ్. బండి రోజూ ఏ ఆర్‌పీఎంలో నడుస్తుందో కొన్నాళ్ళు మీటరు చూసి రాసుకోవాలి. లాల్‌ఖదాన్ నుంచి కోర్బా గనుల వైపు బొగ్గు లారీల వెనక వెళ్ళే బండి, అచానక్‌మార్ అడవి దాటి మైకాల్ కొండల్లోని అమర్‌కంటక్ ఎక్కే బండి, విశాఖ నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కే బండి ప్రయాణంలో సింహభాగం సగం ఆర్‌పీఎంలోనే తిరుగుతాయి. అమర్‌కంటక్ వెయ్యి మీటర్లకు పైన ఉంటుంది. అక్కడ గాలి సాంద్రత సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు పదో వంతు తక్కువ. సిలిండరు నింపడమే కష్టమైన చోట నింపింది వెనక్కి పోనివ్వని క్యామ్ కావాలి. కాబట్టి పొట్టి డ్యురేషన్, త్వరగా మూసుకునే ఇన్‌లెట్, తక్కువ ఓవర్‌లాప్, మితమైన లిఫ్ట్ అన్న నాలుగు లక్షణాలున్న క్యామ్‌ను ఎంచుకోవాలి.

బిగింపులో జాగ్రత్తలు

కొత్త క్యామ్ బిగించాక ఇంజనును స్టార్ట్ చేసే ముందు చేత్తో రెండు చుట్లు తిప్పి చూడాలి. పిస్టను తల మీద మెత్తటి మట్టి ముద్ద అతికించి, హెడ్డు బిగించి, తిప్పి, మళ్ళీ విప్పితే వాల్వు ఎంత లోతుగా దిగిందో ముద్రలో కనిపిస్తుంది. అక్కడ మట్టి మందం ఇన్‌లెట్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. కన్నా తగ్గకూడదన్నది ట్యూనర్లు పాటించే నియమం. స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనకుండా సందు మిగిలిందో లేదో కూడా చూడాలి.

యూసీఈ వంటి ఇంజన్లలో క్యామ్ మీదే ఆటోమేటిక్ డీకంప్రెసర్ ఉంటుంది. స్టార్టయ్యేటప్పుడు అది ఎగ్జాస్ట్ వాల్వును కొద్దిగా తెరిచి ఉంచుతుంది. కొత్త క్యామ్‌కు ఆ ఏర్పాటు లేకపోతే సెల్ఫ్ స్టార్టరు మీద భారం పడుతుంది. పాత క్యామ్‌ను సాన పట్టించి ఆకారం మార్చే పద్ధతి కూడా ఉంది. కానీ గట్టిదనం పై పొరలోనే ఉన్న క్యామ్‌ను లోతుగా అరగదీస్తే లోబు త్వరలోనే అరిగిపోతుంది. కొత్త లోబుకు మాలిబ్డినం కలిసిన పేస్టు రాసి, మంచి ఆయిలు నింపాకే స్టార్ట్ చేయాలి.

కార్బురేటరు బండికి క్యామ్ మారాక జెట్టు సరిచూడాలి. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 నియమాలు వచ్చాక కొత్త బండ్లు దాదాపు అన్నీ ఫ్యూయెల్ ఇంజెక్షన్‌కు మారాయి. ఇన్‌లెట్ ఒత్తిడి చూసి పెట్రోలు కొలిచే ఈసీయూకు ఎక్కువ ఓవర్‌లాప్ ఉన్న క్యామ్ గందరగోళం తెస్తుంది. పొట్టి క్యామ్‌తో ఆ బెడద తక్కువ, అయినా మ్యాపు సరిచూడక తప్పదు.

చట్టాన్నీ మరిచిపోకూడదు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశాలకు భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది. క్యామ్ మార్చిన బండి కూడా పొగ పరీక్ష నెగ్గాలి. వారంటీలో ఉన్న ఇంజనును అసలు విప్పకపోవడం మంచిది.

ఒకే ఇంజనులో రెండు క్యామ్‌లు

ఆవిరి ఇంజను డ్రైవరుకు ఉన్న మీట మోటార్‌సైకిల్‌కు మరో రూపంలో తిరిగి వచ్చింది. 1999లో హోండా సీబీ400 సూపర్ ఫోర్‌లో హైపర్ వీటెక్ పెట్టింది. తక్కువ వేగంలో సిలిండరుకు రెండు వాల్వులు, ఎక్కువ వేగంలో నాలుగు పనిచేస్తాయి. 2018లో భారత్‌కు వచ్చిన యమహా ఆర్15 మూడో వెర్షన్‌లో 155 సీసీ ఇంజనుకు ఇన్‌లెట్ వైపు రెండు లోబులున్నాయి. 7,400 ఆర్‌పీఎం వరకు పొట్టి లోబు, అది దాటాక పొడుగు లోబు వాల్వును నడుపుతుంది. అదే ఏడాది బీఎండబ్ల్యూ ఆర్1250 ఇంజనుకు షిఫ్ట్‌క్యామ్ అమర్చింది. అందులో ఇన్‌లెట్ క్యామ్‌షాఫ్ట్ పక్కకు జరిగి లోబు మారుస్తుంది.

ఈ ఏర్పాటు లేని బండికి మాత్రం ఒక్క క్యామే గతి. 100 నుంచి 150 సీసీ రోజువారీ బండి నడిపేవారు కంపెనీ క్యామ్‌నే ఉంచుకుని ట్యాపెట్, చైను, స్ప్రాకెట్ చూసుకుంటే చాలు. ఇంతకుముందు ఎవరో రేసు క్యామ్ బిగించిన బండి, లేదా పై వేగానికే ట్యూన్ చేసిన పెద్ద ఇంజను ఉన్నవారికి పొట్టి క్యామ్ నిజమైన లాభం ఇస్తుంది. కొనేటప్పుడు దుకాణదారును మొదట అడగవలసింది హార్స్‌పవర్ ఎంత పెరుగుతుందని కాదు, ఇన్‌లెట్ వాల్వు ఎన్ని డిగ్రీలకు మూసుకుంటుందని.